సొంత స్క్రిప్టా, అనటెండెడ్ అప్‌గ్రేడ్సా?

డెబియన్, ఉబుంటు అనే లినక్స్ వ్యవస్థల్లో ప్యాకేజీలను (ఇన్‌స్టాల్ చేసుకున్న సాఫ్ట్‌వేర్ కట్టలను) తాజాగా ఉంచడానికి సొంతంగా ఒక షెల్ స్క్రిప్ట్ (వరుసగా నడిచే ఆదేశాల ఫైలు) రాసుకోవచ్చు, లేదా అనటెండెడ్ అప్‌గ్రేడ్స్ అనే సిద్ధమైన సాధనానికి ఆ పని అప్పగించవచ్చు.

స్క్రిప్ట్‌కు ఉన్న అసలు బలం దాని పరిధి. వ్యవస్థ సొంత ప్యాకేజీ సాధనమైన ఆప్ట్ చూసుకునే ప్యాకేజీలతో పాటు, ఫ్లాట్‌ప్యాక్ అనే వేరే పంపిణీ పద్ధతిలో వచ్చిన అప్లికేషన్లను, పైథాన్ సాధనాలను కూడా ఒకే ఆదేశంతో నవీకరించవచ్చు; ముందుగా బ్యాకప్ తీయించి, అది విఫలమైతే అక్కడితో ఆగిపొమ్మని చెప్పవచ్చు. అయితే స్క్రిప్టుల్లో ఆప్ట్ ఆదేశానికి బదులు అదే పని చేసే ఆప్ట్-గెట్ వాడటమే మేలు, ఎందుకంటే ఆప్ట్ మనుషులు నేరుగా వాడటానికి ఉద్దేశించినది, దాని అవుట్‌పుట్ రూపం వెర్షన్‌ను బట్టి మారవచ్చు. అంతకంటే పెద్ద చిక్కు కాన్ఫిగరేషన్ (అమరికల) ఫైళ్లది: మనం మార్చుకున్న ఫైలుకు కొత్త ప్యాకేజీలో వేరే రూపం వస్తే, ఏది ఉంచాలో ప్యాకేజీలను ఇన్‌స్టాల్ చేసే డీప్యాకేజ్ (dpkg) అడుగుతుంది, ఎవరూ చూడని వేళ నడిచే స్క్రిప్ట్ అక్కడే నిలిచిపోవచ్చు. పాత ఫైలునే ఉంచమని ముందే ఐచ్ఛికం ఇవ్వవచ్చు గానీ, ఆ జాగ్రత్త మనకే తట్టాలి.

అనటెండెడ్ అప్‌గ్రేడ్స్ అటువంటి ప్రశ్న రాబోయే ప్యాకేజీని మామూలుగా పక్కన పెడుతుంది. ఏ మూలాల నుంచి నవీకరణలు తీసుకోవాలో ఎంచుకోనిస్తుంది, చేసిన పనుల లాగ్ (చిట్టా) రాస్తుంది, కోరితే రీబూట్ కూడా చేస్తుంది. ఫ్లాట్‌ప్యాక్ మాత్రం దానికి పట్టదు.

సర్వర్‌కు భద్రతా నవీకరణలే ముఖ్యం కాబట్టి నేను రెండోదాన్నే ఎంచుకుంటాను. పలు మూలాల సాఫ్ట్‌వేర్ పేరుకుపోయిన సొంత డెస్క్‌టాప్‌కు, ఎదురుగా కూర్చుని నడిపించే స్క్రిప్టే నయం.