గ్రేట్ బ్యారియర్ రీఫ్‌లో కలుపుమందుల జాడ: సీసా నమూనానా, డిస్కా?

ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ తీరంలో నవంబరు నుంచి ఏప్రిల్ దాకా వానలు. చెరకు తోటల్లో చల్లిన డయూరాన్, అట్రజిన్ లాంటి కలుపుమందులు వరదతో కొట్టుకొచ్చి గ్రేట్ బ్యారియర్ రీఫ్ అనే పగడపు దిబ్బల నీటిలో కలిసేది ఎక్కువగా అప్పుడే.

పడవలో వెళ్లి సీసాతో నీళ్లు పట్టి ల్యాబ్‌కు పంపడం పాత పద్ధతి. ఆ సమయానికి లీటరుకు ఎన్ని నానోగ్రాముల మందు ఉందో తెలుస్తుంది. కానీ వరద నిన్నే వచ్చి పోయుంటే ఈరోజు సీసాలో పెద్దగా ఏమీ దొరకదు. ఉధృతంగా ఉన్నప్పుడేమో పడవ వెళ్లడమే కష్టం.

పాసివ్ శాంప్లర్ పని వేరు. మందును పీల్చుకునే పల్చటి డిస్కును ప్లాస్టిక్ చట్రంలో బిగించి, నెలా రెండు నెలలు నీటిలోనే ఉంచుతారు. అతి తక్కువ మోతాదు కూడా రోజురోజుకూ అందులో పోగవుతుంది. వచ్చేది మాత్రం సగటు లెక్కే, ఏ రోజు ఎగసిందో చెప్పదు. ప్రవాహ వేగం మారితే పీల్చుకునే తీరూ మారుతుంది. అందుకే పక్కన మెల్లగా కరిగే ప్లాస్టర్ ముక్క పెట్టి, ఎంత కరిగిందో చూసి వేగం అంచనా కడతారు. ఈ ఉపాయం నాకు భలే నచ్చింది.

డయూరాన్ పగడాల్లో బతికే సూక్ష్మ శైవలాల కిరణజన్య సంయోగక్రియను అడ్డుకుంటుంది. వారాల తరబడి సాగే ఇలాంటి దెబ్బను పట్టుకోవాలంటే నా ఓటు డిస్కుకే. వరద రోజుల్లో నదీముఖాల దగ్గర మాత్రం సీసా ఉండి తీరాలి.