మిర్చి తోటకు బొబ్బర తెగులు ముందస్తు హెచ్చరిక: ఒక సీజను వాడిన తర్వాత

2021–22లో నల్ల తామర పురుగు మా వైపు మిర్చిని ఊడ్చిపెట్టిన నాటి నుంచి, ఫోనులో తెగుళ్ల సలహాలు అమ్మేవారు నర్సంపేట చుట్టుపక్కల ఊళ్లలో చాలామందే తిరుగుతున్నారు. వారిలో ఒక కంపెనీ, గణిత నమూనాతో బొబ్బర తెగులు (రసం పీల్చే తెల్లదోమ మోసుకొచ్చే వైరస్‌తో మిర్చి ఆకులు ముడుచుకుపోయే రోగం) ఎంత వేగంగా పాకుతుందో ముందే చెబుతామని అనడంతో, గణితం అధ్యాపకుడిగా పని చేసి విరమించిన నాకు ఆసక్తి పుట్టి, రెండెకరాల తోటకు సీజను మొత్తానికి డబ్బు కట్టాను. కంపెనీ పేరు రాయదలచుకోలేదు.

మన పని ఇంతే: పసుపు జిగురు అట్టల మీద అంటుకున్న తెల్లదోమలను వారానికి రెండుసార్లు లెక్కబెట్టి, ముడత పడ్డ మొక్కల సంఖ్యతో పాటు నమోదు చేయాలి. అట్ట మీద దుమ్ము, రెక్కలు, గింజంత కూడా లేని తెల్ల చుక్కలు కలిసిపోయి ఉంటాయి కనుక, మా ఆవిడ భూతద్దం పట్టుకుంటే నేను గళ్లు గీసుకుని లెక్కించేవాణ్ణి. యాప్ భాష తెలుగే గాని, రోగం సోకిన మొక్కలను అది ‘సోకిన వ్యక్తులు’ అంటుంది. మొదటి వారం నవ్వుకున్నాం, తర్వాత అలవాటైంది.

నమూనా మూలం మాత్రం గట్టిదే. 1897లో సికింద్రాబాదులో దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టిన రోనాల్డ్ రాస్, ఆ తర్వాత దోమలకూ మనుషులకూ మధ్య జబ్బు తిరిగే తీరును సమీకరణాలుగా రాశాడు. మిర్చి తోటలో మనిషి స్థానంలో మొక్కను, దోమ స్థానంలో తెల్లదోమను పెట్టి, మొక్కలను ఆరోగ్యంగా ఉన్నవి, వైరస్ ఎక్కినా ఇంకా బయటపడనివి, ఇతర మొక్కలకు అంటించగలిగేవి అని విడదీస్తే అదే లెక్క నడుస్తుంది. తెల్లదోమ వైరస్‌ను తెచ్చుకోవడానికి ఒక మొక్క మీద, అంటించడానికి మరో మొక్క మీద వాలాలి కనుక, అది మొక్క నుంచి మొక్కకు మారే వేగం లెక్కలోకి రెండుసార్లు వస్తుంది. ఒక రోగపు మొక్క నుంచి సగటున ఒకటి కన్నా ఎక్కువ మొక్కలకు తెగులు పాకితే అది పెరుగుతుంది, తక్కువైతే అణగిపోతుంది.

నా డబ్బు గిట్టుబాటైంది ఇక్కడే. నాటిన నెల లోపల ముడత మొక్కలను మూడు రోజులకు ఒకసారి పీకితే ఎలా ఉంటుందో, పది రోజులకు ఒకసారి పీకితే ఎలా ఉంటుందో తెర మీద రెండు గీతలుగా చూపిస్తుంది. తొలి రోజుల్లో రోగం పట్టిన మొక్క సీజను పొడవునా తెగులుకు పుట్టిల్లుగా మిగిలిపోతుంది గనుక, ఆ రెండు గీతలూ డిసెంబరు నాటికి ఎంతో దూరం జరుగుతాయి. నేను ఆ నెలలో నలభై మూడు మొక్కలను పీకి, వాటి మీది దోమలు లేచి పక్క వరుసకు పోకుండా అక్కడికక్కడే సంచిలో మూట కట్టించాను. ఇంత లెక్క చూపకపోతే, కాస్త ముడత పడ్డ మొక్కను కూలీల చేత పీకించడానికి నాకు మనసు ఒప్పేది కాదు.

లోపాలు చిన్నవి కావు. ఫోటో తీసి పంపితే తామర పురుగు వల్ల వచ్చే పైముడతను కూడా వైరస్ అనే చెప్పింది. నేను ఆ మాట నమ్మి ఉంటే కోలుకోగల మొక్కలను పీకేసేవాణ్ణి. మొజాయిక్ తెగులు కనిపించినప్పుడు పేనుబంకకు మందు కొట్టమంది. బొబ్బర వైరస్ ఒకసారి ఎక్కిన తెల్లదోమ దాన్ని బతికినన్నాళ్లూ మోయగలదు కానీ, పేనుబంక మొజాయిక్ వైరస్‌ను కొద్ది సెకన్లలో, నిమిషాల్లోనే అంటించేస్తుంది, మందు తగిలి చచ్చేలోగా ఆ పని పూర్తవుతుంది. రెండింటికీ ఒకే సూత్రం వాడిన నమూనా తయారు చేసినవారికి ఈ తేడా తెలియదనుకోను. సలహా కిందనే మందు ఆర్డరు చేసే మీట ఉండడం గమనించాను.

అన్నిటికన్నా పెద్ద లోపం, మా ఒడ్డు అవతల ప్రపంచమే లేనట్టు లెక్క వేయడం. అక్టోబరులో పక్క చేనులో కోత ముగిసిన టమాట మొక్కలను అలాగే వదిలేశారు. అవి వాడేకొద్దీ తెల్లదోమ మా వైపుకు తరలింది, పడమటి వైపు అట్టలు మూడు రోజుల్లో నిండిపోయాయి, తెరలో మాత్రం ‘ముప్పు తక్కువ’ అనే ఉంది. ఫోను చేస్తే, పొరుగు పొలాల వివరాలు నమోదు చేసే వీలు తమ యాప్‌లో లేదన్నారు. ఆ వైపు నాలుగు వరుసలు దెబ్బతిన్నాయి. ఒడ్డు చుట్టూ రెండు వరుసలు జొన్న వేసి ఉంటే కొంతైనా ఆగేదేమో; ఆ మాట కూడా సలహాల్లో ఎక్కడా రాలేదు.

ఈ సారి నారును దోమతెర కింద పోయించాను, అట్టల లెక్క నోటుబుక్కులో రాస్తున్నాను. సేవను నాటిన తర్వాతి రెండు నెలలకే విడిగా అమ్మితే మళ్లీ కడతాను. అడిగితే సీజను మొత్తానికే ఇస్తామన్నారు.