ఈ షెల్టర్‌లో కుక్కల తిండి, వైద్యం చాలా బాగుంది, పిల్లుల గది మాత్రం మారాలి

నాలుగు నెలలుగా శని, ఆదివారాలు ఈ షెల్టర్‌కి వెళ్ళి పనిలో సాయం చేస్తున్నాను. ఇక్కడి నుంచే ఒక కుక్కను ఇంటికి తెచ్చుకున్నాను కూడా. షెల్టర్ పేరు రాయడం లేదు, ఎందుకంటే కింద నేను చెప్పబోయే తప్పు వాళ్ళు ఒప్పుకున్నారు, దిద్దుకునే పనిలో ఉన్నారు. నా రేటింగ్ 5కి 3.5.

ముందు కుక్కల సంగతి. వచ్చిన ప్రతి కుక్కకీ లోపలికి తీసుకెళ్ళే ముందే తూకం, యజమానిని గుర్తుపట్టే చిప్ చర్మం కింద ఉందేమో చూడటం, వ్యాక్సిన్, నట్టల మందు అన్నీ అయిపోతాయి. కొన్నిచోట్ల "కాస్త కుదురుకున్నాక వేద్దాం" అని వ్యాక్సిన్ రెండు మూడు రోజులు ఆపుతారు, ఆ రెండు మూడు రోజుల్లోనే పార్వో (వాంతులు, విరేచనాలతో ప్రాణం తీసే వైరస్ జబ్బు) అంటుకుంటుంది. ఇక్కడ కుక్కపిల్లలకి 4 వారాల వయసు దాటితే మొదటి డోసు పడుతుంది, ఆ తర్వాత 2 వారాలకోసారి, 20 వారాలు నిండేదాకా. కడగడం కూడా ఒక పద్ధతి ప్రకారం చేస్తారు: ముందు కుక్కపిల్లలున్న గది, తర్వాత ఆరోగ్యంగా ఉన్న పెద్దవి, జబ్బువి చివర. పార్వో వైరస్ నేలలో నెలల తరబడి బతుకుతుంది, ఫినాయిల్ దాన్ని ఏమీ చేయలేదు. అందుకే సబ్బుతో మురికంతా పోయేలా కడిగి, ఆ తర్వాత 1 వంతు బ్లీచ్‌కి 32 వంతుల నీళ్ళు కలిపి పోసి, గడియారం చూసుకుని 10 నిమిషాలు వదిలేస్తారు. మురికి మీదే బ్లీచ్ పోస్తే పనిచేయదని నాకు ఇక్కడికి వచ్చాకే తెలిసింది.

కానీ నాకు అన్నిటికంటే నచ్చింది వంటగదిలోని రిజిస్టర్. ఏ కుక్కకి ఎన్ని గ్రాములు పెట్టారు, ఎంత మిగిల్చింది, విరేచనం గట్టిగా ఉందా పల్చగా ఉందా, వారానికోసారి బరువెంత, ఒళ్ళు 9కి ఎంత స్కోరు (4 లేదా 5 ఉంటే బాగున్నట్టు), అన్నీ అందులో ఉంటాయి. గిన్నెలో దోసెడు పోసేసి వెళ్ళిపోవడం ఉండదు, ప్రతి గిన్నె తూకం మీదకి ఎక్కాల్సిందే.

నేను తెచ్చుకున్న ఆడకుక్క వచ్చిన రోజు 10 కిలోలుంది. దాని ఎముకల సైజుకి 18 ఉండాలట. పక్కటెముకలు దూరం నుంచే లెక్కపెట్టొచ్చు, నడుం దగ్గర చర్మం లోపలికి పీక్కుపోయి ఉంది. దానికి ఆ రోజు పెట్టింది చూసి నాకు కోపం వచ్చింది. 10 కిలోల కుక్కకి ఊరికే పడుకున్నా రోజుకి దాదాపు 400 కేలరీలు కావాలి కదా, వీళ్ళు పెట్టింది 100, అదీ నాలుగు పూటలుగా. రెండు చెంచాల మెత్తటి తిండి, అంతే. అది తిండంతా నాకేసి, గిన్నెను మూతితో నెట్టుకుంటూ పోయింది. గోడ దాకా నెట్టి, గిన్నె అడుగున ఏమీ లేకపోయినా నాకుతూనే ఉంది. ఇంకొంచెం పెట్టనా అని డాక్టర్‌గారిని అడిగితే, "జాలిపడి పెట్టారంటే దానికే ప్రమాదం అండీ" అన్నారు.

ఆయన చెప్పింది ఇదీ. రోజుల తరబడి పస్తులున్న శరీరం తన కొవ్వునీ కండనీ కరిగించుకుని బతుకుతూ ఉంటుంది. ఒక్కసారిగా కడుపునిండా పెడితే ఇన్సులిన్ పెరిగి, రక్తంలో మిగిలిన కాస్త ఫాస్ఫరస్, పొటాషియం, మెగ్నీషియం కూడా కణాలు లోపలికి లాగేసుకుంటాయి. దాంతో గుండె లయ తప్పొచ్చు, ఫిట్స్ రావొచ్చు, ప్రాణమే పోవచ్చు. అందుకని పావు వంతుతో మొదలుపెట్టి, రక్త పరీక్షలు చూసుకుంటూ ఐదో రోజుకి పూర్తి తిండికి తెచ్చారు. ఆ ఐదు రోజులు నాకు నిద్ర సరిగ్గా పట్టలేదు. ఇప్పుడది 17.4 కిలోలు.

ఈ షెల్టర్ గురించి కొందరు "మేం తిండి తీసుకెళ్తే వద్దన్నారు, పొగరు" అని రాశారు, చూశాను. వాళ్ళు వద్దనడానికి కారణం ఉంది. రోజుకో రకం పెడితే కుక్కలకి విరేచనాలు పట్టుకుంటాయి, అప్పుడది తిండి వల్లా, నట్టల వల్లా, పార్వో వల్లా అని తేల్చుకోవడానికి అరవై కుక్కలున్న చోట నానా తంటాలు పడాలి. పాతదానిలో కొత్తది కొద్దికొద్దిగా కలుపుతూ వారం రోజుల్లో మార్చాలి. ముందు ఫోన్ చేసి ఏది వాడుతున్నారో అడిగి అదే తీసుకెళ్ళండి. ఇంట్లో మిగిలిన కూరలు అసలే వద్దు, ఉల్లి, వెల్లుల్లి కుక్కలకీ పిల్లులకీ రక్తాన్ని పాడుచేస్తాయి.

ఇక పిల్లుల గది. 1.5 తగ్గించింది దీనికే.

ఆరు పిల్లులకి రెండు పెద్ద గిన్నెలు. రిజిస్టర్‌లో "పిల్లులు: 2 గిన్నెలు, ఖాళీ" అని ఒక్క లైను. ఎవరు ఖాళీ చేశారు? ఎవరో ఒకరు. పై అరలో దుప్పట్ల సంచి వెనక ఒక బూడిద రంగు లావుపాటి పిల్లి దూరి ఉంది, యజమానులు వదిలేసి పోయింది. అది మూడు రోజులుగా కిందికే దిగలేదు. శనివారం సంచి తీస్తుంటే నా చేతికి తగిలింది. ముట్టుకున్నా కదల్లేదు. చెవి లోపలి చర్మం పసుపుపచ్చగా ఉంది, చిగుళ్ళూ అంతే. కుక్క రెండు రోజులు తినకపోతే మనం చూస్తూ ఆగొచ్చేమో గానీ పిల్లి విషయంలో ఆగకూడదు, అందులోనూ లావుగా ఉన్నదైతే. పస్తుంటే ఒంట్లోని కొవ్వంతా కాలేయానికి చేరుతుంది, పిల్లి కాలేయం దాన్ని సర్దుకోలేదు. మెడ పక్క నుంచి ట్యూబు వేసి మూడు వారాలు తినిపించాక బతికింది. డాక్టర్‌గారి చలవే అది. కానీ మొదటి రోజే ఎవరైనా చూసి ఉంటే ట్యూబు దాకా వచ్చేదే కాదు.

ఇంకోటి, స్టాకు అయిపోయినప్పుడు పిల్లులకి కుక్కల తిండి పెట్టడం రెండుసార్లు చూశాను. ఒక పూటకి ఏం కాదు, అలవాటైతే మాత్రం ముప్పు. పిల్లులకి టారిన్ (మాంసంలో ఉండే ఒక పోషకం) తిండిలోంచే అందాలి, అది తక్కువై గుండె కండరం బలహీనపడి పిల్లులు చనిపోతున్నాయని 1987లోనే తేలింది. మల విసర్జన ట్రే కూడా గిన్నెల పక్కనే ఉండేది, ఆ వాసనకి ఏ పిల్లి తింటుంది?

ఇదంతా మేనేజర్ మేడమ్‌కి కాగితం మీద రాసిచ్చాను. ఆవిడ కోప్పడలేదు, కూర్చోబెట్టి విన్నారు. వారంలో పిల్లికో గిన్నె, పిల్లికో కార్డు, దాక్కోవడానికి తలా ఒక అట్టపెట్టె వచ్చాయి. పెట్టె చిన్న విషయం కాదు. 2014లో నెదర్లాండ్స్ షెల్టర్‌లో చేసిన పరిశీలనలో పెట్టె ఉన్న పిల్లులు లేనివాటికంటే త్వరగా టెన్షన్ తగ్గించుకున్నాయి. ఆ బూడిద పిల్లి ఇప్పుడు రోజంతా దాని పెట్టెలోనే ఉంటుంది, గిన్నె చప్పుడైతే తల మాత్రం బయటపెడుతుంది.

కార్డుల్లో సోమవారం నుంచి శుక్రవారం దాకా గడులు నిండుతున్నాయి. శని, ఆదివారాలవి నేను వెళ్ళినప్పుడు నింపుతున్నాను, నేను వెళ్ళని వారం ఖాళీ. అవి కూడా వాళ్ళంతట వాళ్ళే నింపిన నెల వస్తే రేటింగ్ మారుస్తాను.