నెట్‌లోగో: నాయకుడు లేని గుంపును చూపే సాఫ్ట్‌వేర్

బరంపురంలో నా దగ్గర ప్లస్ టూ భౌతికశాస్త్రం చదివే పిల్లల్లో కొందరు గోపాలపూర్ తీరం నుంచి వస్తారు. తెప్ప మీద నుంచి కవళ్ళ చేపల గుంపు ఒక్కసారిగా పక్కకు మళ్ళడం చూస్తూ పెరిగిన వారికి, ఆ మళ్ళడం వెనుక ఉన్న సూత్రాన్ని కళ్ళెదుట చూపడానికి ఉరి విలెన్‌స్కీ రూపొందించిన నెట్‌లోగో ఎంతగానో ఉపయోగపడింది. ఇది ఉచితం, ఒకసారి దించుకుంటే ఇంటర్నెట్ లేకుండానే నడుస్తుంది.

నమూనాల లైబ్రరీలోని ‘ఫ్లాకింగ్’ తెరిచి నడిపిస్తే, 300 పక్షులు తలో దిక్కుకు బయలుదేరి కాసేపట్లోనే జట్లు కడతాయి. మరీ దగ్గరైతే తప్పుకోవడం, పొరుగు పక్షుల దిశకు తిరగడం, వాటి వైపు జరగడం అన్నవే వాటి నియమాలు. వేగం అన్నింటికీ ఒకటే. “మాస్టారూ, దారి చూపేది వీటిలో ఏది?” అని ఒక అబ్బాయి అడిగితే ఒక పక్షికి ఎర్రరంగు వేశాను. అది కాసేపు ముందుండి, అంతలోనే వెనకబడి, చివరికి వేరే జట్టులో కలిసిపోయింది.

అయితే ఈ నమూనాలో పక్షులను మొదట చల్లేటప్పుడు తప్ప యాదృచ్ఛికతకు చోటు లేదు. 1995లో భౌతికశాస్త్రవేత్త తమాష్ విచెక్ బృందం ప్రతిపాదించిన నమూనాకు ప్రాణం ఆ యాదృచ్ఛికతే: అందులో ప్రతి కణమూ (మన పక్షి లాంటిదే) తన చుట్టూ ఉన్నవాటి సగటు దిశను తీసుకుని, దానికి కొంత నాయిస్, అంటే యాదృచ్ఛికమైన చెదురు, కలుపుకుని కదులుతుంది. అందువల్ల ‘ఫ్లాకింగ్’‌ను విచెక్ నమూనాలా మార్చాలంటే తప్పుకోవడాన్నీ దగ్గరకు జరగడాన్నీ సున్నా చేసి, దిశను అడుగడుగునా కొన్ని డిగ్రీలు చెదరగొట్టే ఒక పంక్తి కోడ్‌నూ దానికొక స్లైడర్‌నూ చేర్చుకోవాలి. దిశలు ఎంతగా కలిశాయో 0 నుంచి 1 వరకు కొలిచే గ్రాఫు కూడా ఉండాలి. నాయిస్ పూర్తిగా ఉన్నప్పుడు గీత 0.05 చుట్టూ తచ్చాడుతుంది; స్లైడర్‌ను మెల్లగా తగ్గిస్తూ వస్తే ఒకచోట అది పైకి లేచి 1 వైపు సాగుతుంది.

ఆ మార్పు క్రమంగా వచ్చినట్లే తెర మీద కనిపిస్తుంది, విచెక్ బృందమూ మొదట అలాగే భావించింది. కానీ 2004లో గ్రెగ్వార్, షాటే అనే భౌతికశాస్త్రవేత్తలు చాలా పెద్ద వ్యవస్థలను పరిశీలించి, అది హఠాత్తుగా జరుగుతుందనీ, ఆ హద్దు దగ్గర కణాలు దట్టమైన పట్టీలుగా సాగుతాయనీ చూపారు. 300 పక్షులతో ఆ పట్టీలను చూపలేము. సంఖ్యను వేలకు పెంచితే మా పాత కంప్యూటర్ నత్తనడక నడుస్తుంది కనుక, ఆ భాగాన్ని నేను నల్లబల్ల మీదే బొమ్మ గీసి చెబుతున్నాను.

తెలుగు మెనూలు లేవు గానీ మీటల పేర్లు మార్చుకోవచ్చు. మా పిల్లలు ‘సెటప్’కు ‘చల్లు’ అనీ, ‘గో’కు ‘పద’ అనీ పెట్టుకున్నారు.