కంట్రోలర్ మారింది సరే, అప్లికేషన్ ఎందుకు ఆగింది?

డిస్కులను నడిపే కంట్రోలర్లు రెండున్న నెట్‌వర్క్ స్టోరేజ్‌పై మా లావాదేవీల అప్లికేషన్‌ను కొన్నేళ్లుగా నడుపుతున్నాను. ఐఓపీఎస్ (సెకనుకు చేసే చదువు, రాతల సంఖ్య), లేటెన్సీ (ఒక్కో పనికి పట్టే ఆలస్యం) వంటివి ప్రతి కరపత్రంలోనూ ఉంటాయి కనుక వాటి జోలికి పోను. నా ఫిర్యాదు ఒక్కటే: ‘అంతరాయం లేని ఫెయిలోవర్’ (ఒక కంట్రోలర్ ఆగితే రెండోది పని అందుకోవడం) అని గొప్పగా రాసుకునే కంపెనీ, ఆ అంతరాయం ఎవరికి ఉండదో మాత్రం ఎక్కడా రాయదు.

మా సర్వర్లన్నీ ఒకే డైరెక్టరీని ఎన్‌ఎఫ్‌ఎస్ 4 (నెట్‌వర్క్‌పై ఫైళ్లను పంచుకునే పద్ధతి) ద్వారా పంచుకుంటాయి. అప్లికేషన్ల మధ్య సందేశాలు చేరవేసే మెసేజ్ బ్రోకర్ రెండు సర్వర్లపై ఉంటుంది. ఫైల్ లాక్ (ఒక ఫైలుపై ఒకరికే ఉండే హక్కు) ఎవరి చేతిలో ఉంటే అది పనిచేస్తుంది, రెండోది కాచుకుని ఉంటుంది. ఎన్‌ఎఫ్‌ఎస్ 3లో బ్రోకర్ నడిచే సర్వర్ హఠాత్తుగా కూలితే దాని లాక్ అలాగే మిగిలిపోయే ప్రమాదం ఉంది. 4లో లీజు (సర్వర్ ఎప్పటికప్పుడు పొడిగించుకోవాల్సిన గడువు) తీరాక విడిపోతుంది. ఆ ఎంపికను ఇప్పటికీ సమర్థిస్తాను.

ఒక రాత్రి ఫర్మ్‌వేర్ అప్‌డేట్ కోసం కంపెనీ ఇంజనీరు మొదటి కంట్రోలర్‌ను ఆపారు. సెకన్లలోనే రెండోది అందుకుంది, అడ్మిన్ తెరపై అన్నీ పచ్చగానే ఉన్నాయి. మా సర్వర్ల లినక్స్ లాగ్‌లో స్టోరేజ్ స్పందించడం లేదన్న వరుస, వెంటనే అంతా సరే అన్న వరుస పడ్డాయి. అయినా కొత్త ఫైలు ఒక్కటీ తెరుచుకోలేదు. ఏ లాక్ ఎవరిదో రెండో కంట్రోలర్‌కు తెలియదు కనుక, పాత క్లయింట్లు (స్టోరేజ్‌ను వాడే మా సర్వర్లు) తమ లాకులను తిరిగి నమోదు చేసుకోవడానికి ఇచ్చే గ్రేస్ పీరియడ్ ముగిసేదాకా అది కొత్త ఓపెన్‌లను నిరాకరిస్తుంది. లినక్స్ ఎన్‌ఎఫ్‌ఎస్ సర్వర్‌లో ఈ వ్యవధి డిఫాల్టుగా 90 సెకన్లు, మా స్టోరేజ్ పెట్టెలోనూ దాదాపు అంతే. మా క్లస్టర్ హెల్త్ చెక్ ప్రతిసారీ ఒక చిన్న ఫైలును సృష్టించి చూస్తుంది, 30 సెకన్లలో పని కాకపోతే సర్వర్ పోయిందని తేలుస్తుంది. ఆ రాత్రీ అలాగే తేల్చి, ఏ లోపమూ లేని బ్రోకర్‌ను ఆపబోయింది. ఆ బ్రోకర్ ఆగలేదు, లాక్ దొరక్క రెండోది లేవలేదు. స్టోరేజ్ తేరుకున్నాక కూడా మేము ఒక్కొక్కదాన్నీ చేత్తో ఆపి లేపాల్సి వచ్చింది. కంపెనీ నివేదికలో మాత్రం అంతరాయం కొన్ని సెకన్లే. సాఫ్ట్ మౌంట్ (స్టోరేజ్ స్పందించకపోతే కొంతసేపటికి ఆగి ఎర్రర్ ఇచ్చే అమరిక) పెట్టుకోమని ఇంజనీరు సలహా ఇచ్చారు. రాస్తుండగా మధ్యలో ఎర్రర్ వచ్చి డేటా చెడితే బాధ్యత ఎవరిదని అడిగితే జవాబు లేదు.

తరువాత గ్రేస్ పీరియడ్‌ను, లీజును కొంత తగ్గించి, హెల్త్ చెక్ గడువును వాటికంటే పెంచాం. అప్పటినుంచి అప్‌డేట్లు సాఫీగానే సాగుతున్నాయి. లీజును మరీ కుదిస్తే నెట్‌వర్క్ కాసేపు తడబడినా లాకులు చేజారతాయి కనుక మా అంకెలు అందరికీ పనికిరావు.

స్నాప్‌షాట్ల (ఒక క్షణంలోని డేటా స్థితిని దాచుకునే ప్రతుల) గురించి గతంలో చాలా గొప్పగా చెప్పాను. క్షణంలో వెనక్కి వెళ్లగలగడం విలువైనదే, కానీ డేటాబేస్‌ను సిద్ధం చేయకుండా తీసిన స్నాప్‌షాట్ కరెంటు పోయిన క్షణంలోని డిస్కుతో సమానం, పైగా అదే పెట్టెలో ఉంటుంది. బ్యాకప్ విడిగా ఉండాల్సిందే. అలాగే, రెండు కంట్రోలర్లూ సగానికి మించిన లోడ్‌లో ఉంటే, ఒకటి పడిన రోజున రెండోది మొత్తం మోయలేదు.

ఫైళ్లను పంచుకునే అప్లికేషన్లుండి, స్టోరేజ్‌కు ప్రత్యేక బృందం లేని మాలాంటివారైతే ఈ పెట్టెనే మళ్లీ తీసుకోవచ్చు. ఒకే పెద్ద డేటాబేస్ నడిపేవారికి ఫైబర్ ఛానెల్ (స్టోరేజ్ కోసమే ఉన్న ప్రత్యేక నెట్‌వర్క్) మార్గం మేలేమో, అందులో నా అనుభవం తక్కువ. ఏది కొన్నా, ముందుగా అసలు లోడ్ నడుస్తుండగా ఒక కంట్రోలర్‌ను ఆపించి, కొత్త ఫైలు తెరుచుకోవడానికి ఎంతసేపు పట్టిందో కొలిచి, ఆ అంకెను ఒప్పందంలో రాయించుకోవాలి.