ట్రెడ్‌మిల్లుకు పదిహేను వందలు, నాకు ఇరవై ఆరు కురుసురలు

వైజాగ్ హోటల్ బిల్లులో 'జిమ్ డ్యామేజీ: 1,500' అన్న లైను కనపడేసరికి పొద్దున్న 5:40 అయింది. అరకు రైలు ఏడు లోపే. ఆటో వాకిట్లో ఆగి ఉంది. మావాడు సూట్‌కేసు మీద కూర్చునే నిద్రపోతున్నాడు. ఆ గొడవేంటో చెప్పాలంటే ముందు నా మడమ సంగతి చెప్పాలి.

ఆగస్టులో హైదరాబాద్ మారథాన్‌లో హాఫ్ పరిగెత్తాను. నెక్లెస్ రోడ్డు నుంచి గచ్చిబౌలి స్టేడియం దాకా ఎన్ని ఫ్లైఓవర్లు ఎక్కిదిగాలో పరిగెత్తినవాళ్ళకే తెలుసు. వారం తిరక్కుండా, పొద్దున్నే మంచం దిగి మొదటి అడుగు వేస్తే మడమలో మేకు దిగినట్టయింది. ప్లాంటార్ ఫేసియైటిస్, అంటే మడమ నుంచి వేళ్ళదాకా ఉండే అరికాలి పట్టీ దెబ్బతినడం అన్నారు. ఆరు వారాలు ఆగాను. తగ్గిందనుకుని ఓ ఆదివారం కేబీఆర్ పార్కు చుట్టూ ఒక రౌండు వేశాను. కథ మళ్ళీ మొదటికొచ్చింది. ఈసారి ఫిజియో గట్టిగానే తిట్టాడు. నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక. పదికి మూడు దాటి నొప్పి వస్తే అక్కడికక్కడే ఆపాలి. చెప్పుల్లేకుండా గచ్చు మీద నడవకూడదు. రాత్రి ఫ్రీజర్‌లో పెట్టిన నీళ్ళ సీసా అరికాలి కింద దొర్లించాలి. డిసెంబరుకల్లా నా నిమిషం మూడు నిమిషాలైంది. సరిగ్గా అప్పుడే ఈ ప్రయాణం.

"ఐదు రోజులు పరిగెత్తకపోతే ఒలింపిక్స్ వాళ్ళేమీ ఫోన్ చెయ్యరు" అంది మా ఆవిడ, నేను బ్యాగులో బూట్లు పెడుతుంటే. అందుకే గుట్టుచప్పుడు కాకుండా హోటల్ నేనే వెతికాను. బీచ్ రోడ్డుకి రెండు నిమిషాలు, జిమ్ ఉంది, పన్నులతో కలిపి రోజుకు 3,400, టిఫిన్ వాళ్ళదే. ఇంకేం కావాలి అనుకున్నాను.

శుక్రవారం దిగాం. గది బాగుంది, దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి. సాయంత్రం బీచ్ ఒడ్డున మ్యూజియంగా పెట్టిన కురుసుర సబ్‌మెరైన్ లోపలికి వెళ్ళాం. మావాడికి ఏడో తరగతి, అంకెల పిచ్చి. పొడవు 91 మీటర్లని వినగానే ప్రతిదాన్నీ దాంతోనే కొలవడం మొదలెట్టాడు. హోటల్ కురుసురన్నర దూరమట.

శనివారం ఐదింటికి బూట్లేసుకుని కిందికి దిగాను. గ్రిల్లుకి తాళం. వాచ్‌మన్ని లేపితే, "తాళం మేనేజర్ గారి దగ్గర ఉంటది సార్. ఆయన ఆరున్నరకొస్తారు" అన్నాడు. రాత్రి నిప్పంటుకుంటే మా గతేమిటని అడిగాను. ఆయనా నావైపు దిగులుగా చూశాడు, ఆ ఆలోచన ఇప్పుడే వచ్చినట్టు. ఆరున్నరకి తెల్లారిపోతుంది, ఇంట్లో వాళ్ళు లేస్తారు, రోజు పోయినట్టే. చేసేది లేక నాలుగో అంతస్తులో జిమ్‌కి వెళ్ళాను. జిమ్ అంటే ఒక ట్రెడ్‌మిల్, ఒక సైకిల్, వాటి మీద ఆరేసిన తువ్వాళ్ళు. తువ్వాళ్ళు తీసి మడతపెట్టి, మెషీన్ ఆన్ చేశాను. ఏడో నిమిషంలో బెల్టు టక్కున ఆగిపోయింది. నేను ఆగలేదు. ముందు కడ్డీ పట్టుకున్నాను కాబట్టి మూతి దక్కింది కానీ, ఎడమ మడమ మీద బరువంతా పడింది. నొప్పి పదికి ఐదు. రిసెప్షన్‌లో చెబితే, "అది అప్పుడప్పుడూ అలా ఆగుద్ది సార్" అని నవ్వాడు కుర్రాడు. ఈ మాట గుర్తుంచుకోండి.

అదే రోజు సింహాచలం. గుడిలో చెప్పులుండవు కదా! ఫిజియో చెప్పింది అక్షరాలా తప్పి, చల్లటి రాతి మీద గంటన్నర నిలబడ్డాను. నేను మునివేళ్ళ మీద ఊగుతుంటే వెనక నిలబడ్డ ముసలమ్మ, "మడం శూలేటి బాబూ?" అంది. అవునన్నాను. "ఇటుక కాల్చి, దాని మీద జిల్లేడాకులేసి, ఆ ఆకుల మీద మడం ఆనించు. ఆ డాక్టర్లకి డబ్బులెయ్యకు" అంది. మా ఆవిడ నా ఫిజియో ఫీజు లెక్కేసుకున్నట్టుంది, దర్శనం అయ్యేదాకా నవ్వుతూనే ఉంది.

ఆ రాత్రి వాచ్‌మన్‌తో బేరం కుదిరింది. వంటింటి వెనక తలుపు పాల ప్యాకెట్ల కోసం ఐదింటికి ముందే తీస్తారట. యాభై ఇచ్చాను. ఆదివారం పొద్దున్న ఖాళీ పాల ట్రేల మధ్యనుంచి బయటపడ్డాను. ఆ యాభై రూపాయలే ఈ మొత్తం ప్రయాణంలో నేను పెట్టిన మంచి ఖర్చు.

పొద్దున్నే బీచ్ రోడ్డులో బళ్ళు తిరగనివ్వరు. హైదరాబాద్‌లో హారన్ల మధ్య ఫుట్‌పాత్ వెతుక్కునేవాడికి ఆ ఖాళీ తారు రోడ్డు చూస్తే కళ్ళు చెమరుస్తాయి. ఒక పక్క సముద్రం హోరు, ఇంకో పక్క తాతగార్ల నవ్వుల క్లబ్బు. కాళీమాత గుడి దగ్గర మొదలుపెట్టి మూడు నిమిషాలు పరుగు, నిమిషం నడక. మడమ సమస్య ఉన్నవాళ్ళకి ఒక మాట: సముద్రం కనపడగానే ఇసుకలోకి దిగకండి. పొడి ఇసుకలో మడమ దిగబడి అరికాలు సాగుతుంది. తడి ఇసుక గట్టిగానే ఉంటుంది కానీ నీళ్ళ వైపుకి వాలు, ఒక కాలు ఎప్పుడూ పల్లంలోనే పడుతుంది. తారు రోడ్డే మేలు. మొత్తం 2.4 కిలోమీటర్లు అయింది, నొప్పి రెండు దాటలేదు. తోపుడు బండి దగ్గర అల్లం టీ పదిహేను రూపాయలు, ఇంకోటి కూడా తాగాను. గదికొచ్చి చెబితే మావాడు నిద్రకళ్ళతోనే, "ఇరవై ఆరు కురుసురలు నాన్నా" అన్నాడు.

ఇక సోమవారం, బిల్లు. మూడు రాత్రులకి 10,200, దాని కింద ఈ 1,500. మెషీన్ నేనే పాడుచేశానట. గొంతు లేపబోయాను. మా ఆవిడ నన్ను పక్కకి జరిపింది. మూడు రోజులుగా నా పరుగుని వెక్కిరిస్తున్న మనిషి, సోఫాలో తాపీగా కూర్చుని, "అప్పుడప్పుడూ ఆగుతుందని మీ అబ్బాయే అన్నాడు. ఆగుతుందని తెలిసి బోర్డు ఎందుకు పెట్టలేదు? ఈయన మడమకి డాక్టర్ ఖర్చు ఎవరిస్తారు? రాత్రి గ్రిల్లుకి తాళమేసి తాళంచెవి ఇంటికి పట్టుకెళ్తారు, అది ఫైరు వాళ్ళకి తెలుసా?" అని వరసగా అడిగింది. కుర్రాడు మేనేజర్‌కి ఫోన్ చేశాడు. మేనేజర్ నిద్రలోంచి సగానికి సగం తగ్గిస్తానన్నాడు. ఈవిడ కదల్లేదు. 6:05కి ఆ లైను కొట్టేశారు. గ్రిల్లు తాళం ఇంకా తియ్యలేదు, వంటింటి వెనక తలుపులోంచే బయటపడ్డాం. స్టేషన్‌కి ఆటో 200. రైలు కదలబోతుండగా ఎక్కాం.

నాలుగు గంటల ఆ ప్రయాణం గురించి చాలామంది చెప్పే ఉంటారు. సొరంగాలు, లోయలు, సొరంగం రాగానే పిల్లల కేకలు. 996 మీటర్ల ఎత్తున్న శిమిలిగూడ బోర్డు చూసి మావాడు, "దాదాపు పదకొండు, నిలువుగా" అన్నాడు.

అరకులో హోమ్‌స్టే, రోజుకు 1,800. జిమ్ లేదు, లిఫ్ట్ లేదు, టీవీ పనిచెయ్యదు. సాయంత్రం అరకిలో బొంగు చికెన్ 350కి తిన్నాం. మసాలా దట్టించారు గానీ, ఉప్పు కాస్త తక్కువైంది. పొద్దున్న ఎన్నింటికి గేటు తీస్తారని ఇంటాయన్ని భయంభయంగా అడిగాను. "మాకు గేటెక్కడుందండీ?" అన్నాడు.

ఇక్కడి చలి వేరు. ఊపిరికేమీ తేడా తెలియలేదు గానీ పిక్కలు బిగుసుకుపోయాయి. పిక్క బిగిస్తే మడమ లాగుతుంది. అందుకే మెట్టు అంచున నిలబడి పది నిమిషాలు పిక్కలు సాగదీసి, గుమ్మంలో అటూ ఇటూ నడిచి, ఆ తర్వాతే కదిలాను. మంచులో రోడ్డు పది అడుగుల మేరే కనపడుతోంది. తెల్లారేకొద్దీ రెండు పక్కలా వలిస పూలు పసుప్పచ్చగా బయటపడ్డాయి. మధ్యలో రెండు కుక్కలు వెంటపడ్డాయి. కుక్కలొస్తే పరిగెత్తకుండా నిలబడాలి, నా ప్లాన్‌లో నడక నిమిషం ఎలాగూ ఉంది. మూడు కిలోమీటర్లు. తిరిగొచ్చేసరికి ఇంటావిడ గ్లాసుతో చోడి అంబలి, అంటే రాగి అంబలి ఇచ్చింది, పక్కన ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ. డబ్బులు తీసుకోలేదు. నేను బూట్లు విప్పుతుంటే మా ఆవిడ వచ్చి మెట్టు మీద కూర్చుంది. రేపు తనూ నడవడానికి వస్తుందట, పరుగు మాత్రం అడగొద్దంది.

హైదరాబాద్ తిరిగొచ్చిన మర్నాడు గ్యాస్ పొయ్యి మీద ఇటుక కనపడింది. ఎదురుగా కడుతున్న అపార్ట్‌మెంట్ నుంచి అడిగి తెచ్చిందట. జిల్లేడాకుల కోసం మావాణ్ణి వెనక ఖాళీ స్థలంలోకి పంపింది.