చెరకు ఆకులో చక్కెర ఎంజైము కొలత: ఆంత్రోన్ పద్ధతిని ఏళ్ల తరబడి వాడిన అనుభవం

చెరకు ఆకులో చక్కెర తయారుచేసే ఎంజైమును దేనితో కొలవాలని అడిగే పరిశోధక విద్యార్థులందరికీ నేను ఆంత్రోన్ పద్ధతే చెబుతాను. ఆంత్రోన్ అంటే గాఢ ఆమ్లంలో చక్కెరతో కలిసి రంగునిచ్చే రసాయనం. పాత పద్ధతే, ఓపిక కావాలి, గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లంతో పని. అయినా ద్రవం రంగు గాఢతను కొలిచే మామూలు స్పెక్ట్రోఫోటోమీటర్ తప్ప ఖరీదైన యంత్రాలు లేని ప్రయోగశాలలో నమ్మదగిన ఫలితం ఇచ్చేది ఇదే. అయితే ఆ నమ్మకం పొలం గట్టు దగ్గరే మొదలవాలి.

కొలిచేది సుక్రోజ్ ఫాస్ఫేట్ సింథేజ్‌ను. మేమంతా ఎస్‌పీఎస్ అంటాం. అర్జెంటీనాలో లెలూర్, కార్డిని అనే జీవరసాయన శాస్త్రవేత్తలు 1955లో గోధుమ బీజాంకురంలో దీని పనిని చూపించారు. చక్కెర న్యూక్లియోటైడ్ల మీద చేసిన కృషికి లెలూర్‌కు 1970లో నోబెల్ బహుమతి వచ్చింది. అలాంటి చక్కెర న్యూక్లియోటైడే అయిన యూడీపీ-గ్లూకోజ్‌లోని గ్లూకోజును ఫ్రుక్టోజ్-6-ఫాస్ఫేట్‌కు ఈ ఎంజైము జత చేస్తుంది. అలా పుట్టిన సుక్రోజ్ ఫాస్ఫేట్ నుంచి మరో ఎంజైము ఫాస్ఫేట్‌ను తీసేస్తే మనం తినే చక్కెర మిగులుతుంది.

ఆకు కోతను చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. ఎన్నో మొక్కల్లో చీకటి పడితే ఎస్‌పీఎస్ అణువుకు ఫాస్ఫేట్ తగులుకుని దాని చురుకుదనం తగ్గిపోతుంది. వెలుతురు వస్తే మళ్లీ లేస్తుంది. కాబట్టి కోసిన ఆకును సంచిలో వేసుకుని తీరిగ్గా నడిచి వస్తే, మనం కొలిచేది పొలంలో ఉన్న ఆకును కాదు, సంచి చీకటిలో మగ్గిన ఆకును. నేను పై నుంచి మెడపట్టీ (ఆకు తొడిమను కలిసే చోటి పట్టీ) స్పష్టంగా కనిపించే మొదటి ఆకునే ఎంచుకుంటాను. మధ్య ఈనె తీసేసి, నడిమి భాగాన్ని ముక్కలు చేసి, నిలబడ్డ చోటే ద్రవ నత్రజనిలో వేస్తాను. పోల్చవలసిన రకాలన్నింటినీ ఒకే వేళలో, ఎండ బాగా ఉన్నప్పుడు కోయాలి. అనకాపల్లి చుట్టుపక్కల మబ్బు పట్టిన రోజున తెచ్చిన ఆకుల్ని మండుటెండ రోజు ఆకులతో పోల్చడం నాకు బొత్తిగా నచ్చదు.

చెరకు ఆకులో పీచూ ఎక్కువే, సిలికా కూడా ఎక్కువే. పింగాణీ రోట్లో ద్రవ నత్రజని పోస్తూ గోరింటాకు పొడిలా మెత్తగా అయ్యేదాకా నూరాలి. తీత ద్రావణం పీహెచ్ 7.5 దగ్గర ఉండాలి. అందులో మెగ్నీషియం, ఎంజైము ఆక్సీకరణ చెందకుండా కాపాడే డీటీటీ, ఫినాళ్లను పట్టేసే కరగని పీవీపీపీ పొడి తప్పనిసరి. ఆకులోని ఫినాళ్లు గాలి తగిలితే ఎంజైమును పాడుచేస్తాయి. ట్యూబులో పచ్చగా ఉండవలసిన రసం గోధుమ రంగుకు తిరుగుతోందంటే దాన్ని పారబోసి కొత్తగా మొదలుపెట్టడమే మేలు. సెంట్రిఫ్యూజ్‌లో 4 డిగ్రీల దగ్గర తిప్పాక రసాన్ని సెఫడెక్స్ జీ-25 గొట్టం గుండా పంపాలి. ఈ జెల్ గొట్టం చక్కెర వంటి చిన్న అణువులను ఎంజైము నుంచి వేరుచేస్తుంది. సమయం కలిసొస్తుందని ఈ మెట్టు మానేసేవాళ్లున్నారు. చెరకు ఆకులో ముందే బోలెడు సుక్రోజ్ ఉంటుంది. అది పోకపోతే చర్య జరగని పోలిక ట్యూబు కూడా రంగెక్కి కూర్చుంటుంది.

ఈ పద్ధతిలో నాకు అన్నిటికంటే విలువైనది రెండు మిశ్రమాలతో కొలవగలగడం. మొదటి దాంట్లో ముడి పదార్థాలు పుష్కలంగా పోసి, ఎంజైమును ఉసిగొల్పే గ్లూకోజ్-6-ఫాస్ఫేట్ కూడా కలుపుతాం. ఆకులో మొత్తం ఎంత సత్తా ఉందో తెలుస్తుంది. రెండో దాంట్లో ముడి పదార్థాలు తగ్గించి, అడ్డుపడే అకర్బన ఫాస్ఫేట్ వేస్తాం. కోసిన క్షణంలో ఎంజైము ఏ మేరకు మేల్కొని ఉందో అది చెబుతుంది. మొదటి అంకె ఒక్కటే చూసి ‘ఈ రకం గొప్పది’ అని రాసే నివేదికలు నన్ను బాధపెడతాయి. రెండింటి నిష్పత్తి లేకపోతే కథ సగమే. రసంలోని ఫాస్ఫటేజులు (ఫాస్ఫేట్‌ను ఊడదీసే ఎంజైములు) ఈ నిష్పత్తిని మార్చకుండా తీత ద్రావణంలో సోడియం ఫ్లోరైడ్ వేయడం నాకు అలవాటు.

చర్యను 30 శాతం కాస్టిక్ పొటాష్‌తో ఆపి, మరిగే నీళ్లలో 10 నిమిషాలు ఉంచితే మిగిలిపోయిన ఫ్రుక్టోజ్ ఫాస్ఫేట్ నాశనమవుతుంది. సుక్రోజ్, సుక్రోజ్ ఫాస్ఫేట్ రెండూ నిలుస్తాయి. చల్లారాక ఆమ్లంలో కరిగించిన ఆంత్రోన్ పోసి 40 డిగ్రీల దగ్గర 20 నిమిషాలు ఉంచాలి. ఆ వేడి మీద ప్రధానంగా ఫ్రుక్టోజ్ భాగమే రంగునిస్తుంది. వేడి పెంచితే గ్లూకోజూ కలుస్తుంది. లేత పసుపు ద్రవం అంచుల నుంచి నీలి ఆకుపచ్చకు మళ్లడం కంటికే కనిపిస్తుంది. స్పెక్ట్రోఫోటోమీటర్‌లో 620 నానోమీటర్ల దగ్గర చదవాలి. ప్రతి నమూనాకూ సున్నా నిమిషాల ట్యూబు, అంటే చర్యను మొదట్లోనే ఆపేసిన ట్యూబు విడిగా పెట్టాలి. ఆంత్రోన్ ద్రావణాన్ని ఏ రోజుకారోజు కలుపుకోవాలి.

రిసార్సినాల్ అనే మరో రంగు రసాయనం పద్ధతి కూడా వాడాను. 520 నానోమీటర్ల దగ్గర ఎర్రటి రంగు, పని తేలిక, కానీ తక్కువ చక్కెర ఉన్న నమూనాల్లో నాకు తృప్తినివ్వలేదు. 340 నానోమీటర్ల దగ్గర, కణాల్లో ఎలక్ట్రాన్లను మోసే అణువైన ఎన్‌ఏడీహెచ్ తగ్గుదలను చూసే జంట ఎంజైముల పద్ధతి శుద్ధిచేసిన ఎంజైముకు చక్కగా పనిచేస్తుంది. పచ్చి ఆకు రసంలో ఎన్‌ఏడీహెచ్‌ను తినేసే ఇతర ఎంజైములు చాలా ఉంటాయి, అక్కడ దాన్ని నమ్మను.

ఖర్చంతా యూడీపీ-గ్లూకోజ్, ఫ్రుక్టోజ్-6-ఫాస్ఫేట్‌ల దగ్గరే. మంచు కరిగిపోయిన పెట్టెలో వచ్చిన సరుకును ఒకసారి తిప్పి పంపవలసి వచ్చింది. తెచ్చిన వెంటనే చిన్న చిన్న ట్యూబుల్లో పంచి మైనస్ 20లో దాచుకుంటే మళ్లీ మళ్లీ కరిగించే అవసరం రాదు.

రకాల ఎంపిక, నీటి ఎద్దడి, ఎరువుల ప్రయోగాలు చేసేవారికి ఈ శ్రమంతా సార్థకం. చెరకు పక్వానికి వచ్చిందా, కోయవచ్చా అన్నదే ప్రశ్నయితే కాండం రసంలో రెండు చుక్కలు, చేతిలో రసం తీపిని చూపే ఒక బ్రిక్స్ మీటరు చాలు.